అబ్బాయికి మాటిమాటికీ ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), పుట్టుకతోనే క్లోమనాళంలో తేడా అంటున్నారు. కోయించాలా, వద్దా?

తిరుచానూరు_అమ్మ
మా వాడికి 19 ఏళ్లు, డిగ్రీ చదువుతున్నాడు. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచీ ఉన్నట్టుండి పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి దూసుకుపోతుంది. దిండు పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చుంటాడు, పడుకోలేడు. మంచినీళ్లు తాగినా వాంతే. మొదట్లో గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, పరీక్షల టెన్షన్ అని కూడా అన్నారు. చివరికి ఒక డ్యూటీ డాక్టరమ్మ లైపేజ్ (క్లోమం ఎంజైమ్ రక్తపరీక్ష) చేయిస్తే ఉండాల్సినదానికి మూడింతలు దాటి వచ్చింది.

అప్పట్నుంచి ఎక్కడ అడ్మిట్ చేసినా మొదటి ప్రశ్న "ఎంత తాగుతావ్?" నన్ను బయటికి పంపి మరీ అడుగుతారు. తాగడు అంటే "అమ్మ ముందు ఎవరు ఒప్పుకుంటార్లే" అని నవ్వులు. మా ఆడపడుచు అయితే చుట్టాలందరికీ చెప్పేసింది కూడా.

ఇప్పుడు ఎమ్మార్సీపీ (పిత్త, క్లోమ నాళాలు చూపించే స్కాన్) తీస్తే రిపోర్టులో "ప్యాంక్రియాస్ డివైసమ్" అని రాశారు. కింద "నాళం కాస్త వెడల్పు, క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ తొలి మార్పులు" అని ఇంకో లైను. ఒక డాక్టరుగారు ఎండోస్కోపీతో క్లోమరసం వచ్చే చిన్న రంధ్రాన్ని కోసి స్టెంట్ వేద్దాం అంటారు. ఇంకొకాయన ఇప్పుడే ముట్టుకోవద్దు అంటారు. పుట్టుకతో వచ్చిందైతే ఇన్నేళ్లు ఎందుకు ఊరుకుంది? ఎవరి మాట వినాలి?

సంగటిముద్ద
మా బావను గూడా ఇట్లనే అడిగినారు. ఆయన నిజంగానే తాగుతాడులే, అది వేరే సంగతి.

కొండమిట్ట_కుర్రోడు
పైన సంగటిముద్దా, ఆమె బాధలో ఉంటే నీ జోకులేంది.

సంగటిముద్ద
నొప్పి పోగొట్టలేను గదా సామీ, ఆడపడుచు సంగతైనా మరిపిద్దామని.

తిరుచానూరు_అమ్మ
పర్లేదు బాబూ, నవ్వొచ్చింది. చాన్నాళ్లయింది నవ్వి.

తోతాపురి
నాకూ డివైసమే. చిత్తూరు. 30 దాటాక బయటపడింది. నాకు మైనర్ ప్యాపిల్లా, అంటే మీరన్న ఆ చిన్న రంధ్రం, కోశారు, కొన్నాళ్లు స్టెంట్ ఉంచి తీసేశారు. ఆ తర్వాత అడ్మిట్ అయ్యేంత నొప్పి మళ్లీ రాలేదు. నన్నడిగితే కోయించండి. ఆలస్యం చేసేకొద్దీ గ్రంథి గట్టిపడిపోతుంది.

పీలేరు_మాస్టారు
తోతాపురి గారి అనుభవం ఆయనది, నాది నాది. నాకు అదే పని చేశారు, ఆ రాత్రే ప్రొసీజర్ వల్ల ప్యాంక్రియాటైటిస్ వచ్చి ఐసీయూలో పడ్డాను. ముందు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆ ముక్క ఉందట, నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. నొప్పులు తర్వాత కూడా వచ్చాయి. ఆసుపత్రి పేరు అడక్కండి, చెప్పను. అమ్మా, తొందరపడొద్దు.

గ్యాస్ట్రో_రెసిడెంట్
నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ముందు "పుట్టుకతో" అన్నమాట సంగతి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు క్లోమం రెండు మొగ్గలుగా మొదలవుతుంది. వెనకది పెద్దది, ముందుది చిన్నది. చిన్న పేగు మొదటి భాగం తిరిగేటప్పుడు ముందు మొగ్గ చుట్టూ తిరిగివచ్చి వెనకదాని పక్కన చేరుతుంది. సుమారు ఏడో వారంలో రెండూ కలుస్తాయి, లోపలి గొట్టాలూ కలుస్తాయి. అలా కలిస్తే రసమంతా పెద్ద నాళం గుండా, అంటే విర్సంగ్ నాళం గుండా, పిత్తనాళం తెరుచుకునే చోటికే వచ్చి పేగులో పడుతుంది. గ్రంథి కలిసి గొట్టాలు మాత్రం కలవకపోతే అదే డివైసమ్. అప్పుడు గ్రంథిలో ఎక్కువ భాగం రసం సాంటోరిని నాళం గుండా, పైన ఉండే మైనర్ ప్యాపిల్లా అనే చిన్న రంధ్రంలోంచి రావాలి. పెద్ద చెరువుకు చిన్న తూము పెట్టినట్టు. వానలు మామూలుగా ఉన్నన్నాళ్లు ఏమీ తెలీదు.

అందుకే అమ్మా, ఇన్నేళ్లు ఊరుకోవడంలో ఆశ్చర్యం లేదు. అసలు ఆశ్చర్యం వేరే ఉంది. పాశ్చాత్య దేశాల శవపరీక్షల లెక్కల్లో 100 మందిలో 5 నుంచి 10 మందికి డివైసమ్ కనబడింది. వాళ్లలో అత్యధికులు జీవితంలో ఒక్కసారి కూడా ఈ నొప్పి పడకుండా పోయినవాళ్లే. కాబట్టి రిపోర్టులో డివైసమ్ కనబడింది కదా, అదే కారణం అనుకోవడానికి లేదు. దొంగతనం జరిగిన వీధిలో నిలబడ్డవాడల్లా దొంగ కాదు.

మిగతా కారణాలు వెతికారా? పిత్తాశయంలో రాళ్లు, సన్న ఇసుక, ట్రైగ్లిజరైడ్లు, కాల్షియం, వాడిన మందులు? జన్యు పరీక్ష?

చంద్రగిరి_కోట
ఆ విర్సంగ్ కథ తెలుసా ఎవరికైనా? 1642లో ఇటలీలోని పాడువాలో ఒక శవాన్ని కోస్తూ ఆ నాళాన్ని కనిపెట్టాడు. మరుసటి ఏడాదే సొంత ఇంటి గుమ్మం దగ్గర ఎవరో కాల్చి చంపేశారు. పాపం పేరు మాత్రం మన పొట్టల్లో మిగిలింది.

సంగటిముద్ద
నేనే జోకులేస్తున్నా అంటిరి, కోటన్న హత్య కేసు తెచ్చినాడు.

తోతాపురి
రెసిడెంట్ గారూ, మీరు చెప్పేది పుస్తకాల్లో బాగుంటుంది. తూము చిన్నదైతే పెద్దది చేయాలి, అంతే కదా? నాకు నయమైంది. దానికేమంటారు?

గ్యాస్ట్రో_రెసిడెంట్
నయమైనందుకు సంతోషం, నిజంగా. కానీ ఈ జబ్బు తనంతట తనే నెలలూ ఏళ్లూ ఊరుకుంటుంది. కోసిన తర్వాత నొప్పి రాకపోతే కోతవల్లే రాలేదని ఒక్క మనిషిని చూసి చెప్పలేం. అందుకే అమెరికాలో షార్ప్ అనే ట్రయల్ పెట్టారు. డివైసమ్ ఉండి మాటిమాటికీ ప్యాంక్రియాటైటిస్ వచ్చేవాళ్లలో కొందరికి నిజంగా కోశారు, కొందరికి ఎండోస్కోపీ దాకా తీసుకెళ్లి కోయకుండా వదిలారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలీదు. తర్వాత మళ్లీ అటాక్ రావడంలో ఆ రెండు గుంపుల మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అయితే ఒక మెలిక ఉంది. రాళ్లు పడి ముదిరిన క్రానిక్ కేసుల్ని అందులో తీసుకోలేదు. నాళంలో రాయి అడ్డుపడి వెనక ఉబ్బిపోతే అక్కడ పనిచేయడం వేరు. కాబట్టి "ఎవరికీ చేయకూడదు" అని నేనూ అనను.

పీలేరు_మాస్టారు
ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే.

కొత్తపేట_ల్యాబ్
ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. నొప్పి మొదలైన రోజే రక్తం ఇవ్వండి. అమైలేజ్ అనే ఇంకో ఎంజైమ్ తొందరగా దిగిపోతుంది, లైపేజ్ ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. మూడోరోజు, నాలుగోరోజు వచ్చి "నార్మల్ అంట, ఏమీ లేదంట" అని వెళ్లిపోయేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఇంకోటి, క్రానిక్‌లో గ్రంథి అరిగిపోయాక నొప్పి ఉన్నా లైపేజ్ పెద్దగా పెరగకపోవచ్చు. నార్మల్ వచ్చింది కాబట్టి నటిస్తున్నాడు అనుకోవద్దు.

తిరుచానూరు_అమ్మ
నటిస్తున్నాడు అని ఒకరు అన్నారు కూడా.

రెసిడెంట్ గారు అడిగినవి చూశాను ఫైలు తీసి. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు లేవు. ట్రైగ్లిజరైడ్లు 140. కాల్షియం నార్మల్. మందులేవీ వాడడు. జన్యు పరీక్ష అన్నమాటే ఎవరూ ఎత్తలేదు.

ఒకటి అడగొచ్చా. మావారి చిన్నాన్న కొడుకు ఒకతను ఉండేవాడు, పలమనేరు వైపు. సన్నగా పుల్లలా ఉండేవాడు, పాతికేళ్లకే షుగర్ వచ్చింది. అతనికీ చిన్నప్పటి నుంచి కడుపునొప్పి అనేవాళ్లు. ఇప్పుడు లేడు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా? ఇప్పటిదాకా ఏ డాక్టరూ అడగలేదు, మాకూ తోచలేదు.

గ్యాస్ట్రో_రెసిడెంట్
అమ్మా, ఈ పేజీలో ఇంతవరకు వచ్చినవాటిలో ముఖ్యమైన విషయం ఇదే. మీ రిపోర్టులో ఉన్న డివైసమ్ కన్నా కూడా. డాక్టరుకు మొదటి వాక్యంగా చెప్పండి.

చిన్న వయసులో కడుపునొప్పి, సన్నబడటం, తర్వాత షుగర్, ఎక్స్‌రేలో గ్రంథి నిండా రాళ్లు. దక్షిణ భారతంలో ఈ రకం ఎప్పటి నుంచో ఉంది, ట్రాపికల్ ప్యాంక్రియాటైటిస్ అనేవాళ్లు. హైదరాబాద్ సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు కలిసి చేసిన పరిశోధనల్లో మన రోగుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పు ఎక్కువగా కనబడింది. క్లోమంలో తయారయ్యే ట్రిప్సిన్ పేగులోకి వెళ్లాకే పనిలోకి దిగాలి. ముందే లేస్తే దాన్ని అణిచేది ఈ స్పింక్1 ప్రోటీన్. అది బలహీనపడితే గ్రంథి తన రసంతో తానే ఉడుకుతుంది. తెల్లవాళ్ల వంశపారంపర్య కేసుల్లో ఎక్కువగా కనబడే పీఆర్ఎస్ఎస్1 మార్పులు మనవాళ్లలో పెద్దగా దొరకలేదు.

డివైసమ్‌కూ దీనికీ లంకె ఏమిటంటే, 2012లో ఒక ఫ్రెంచ్ బృందం చూసింది. కారణం తెలియని ప్యాంక్రియాటైటిస్ వాళ్లలో డివైసమ్ మామూలు జనంలో ఉన్నంతే ఉంది. సీఎఫ్‌టీఆర్ జన్యు మార్పులున్న రోగుల్లో మాత్రం చాలా ఎక్కువగా ఉంది. అంటే నాళం తేడా ఒక్కటే కాదు, దానికి జన్యువు తోడైతేనే ఇబ్బంది అని చాలామంది అనుకుంటున్నారు. తోడు అన్నది కూడా వాదనలోనే ఉంది, తేలిపోయిన సంగతి కాదు.

కుప్పం_రైలు
కర్రపెండలం తింటే వస్తుందని మా తాత కాలంలో చెప్పేవాళ్లు. మేం చిప్స్ గూడా కొనము.

గ్యాస్ట్రో_రెసిడెంట్
కేరళలో అలాంటి అనుమానం ఉండేది, అక్కడ ఈ జబ్బూ ఎక్కువ, కర్రపెండలం తిండీ ఎక్కువ కాబట్టి. దాన్ని అసలు తినని ఊళ్లలోనూ రోగులు దొరకడంతో ఆ వాదన పలచబడింది. చిప్స్ మానడం మంచిదే, కారణం వేరు.

శేషాచలం_గాలి
ఇవన్నీ ఎందుకు, మా పెదనాన్నకు పుత్తూరు దాటాక ఒక ఊళ్లో పసరు పోసినారు. తెల్లారేసరికి నొప్పి మాయం. ఫోన్ నంబర్ కావాలంటే మెసేజ్ చేయండి.

కొత్తపేట_ల్యాబ్
పుత్తూరు కట్టు ఎముకలకు కదన్నా, పేగులకు గూడా మొదలుపెట్టినారా.

గ్యాస్ట్రో_రెసిడెంట్
నొప్పి తెల్లారేసరికి తగ్గడం ఈ జబ్బు స్వభావమే. పసరులో ఏముందో తెలీకుండా 19 ఏళ్ల పిల్లాడికి పోయొద్దు.

మోడరేటర్
మందుల నంబర్లు, అడ్రసులు ఇక్కడ పెట్టకూడదు. శేషాచలం గారూ, మెసేజ్‌లలో కూడా వద్దు.

నగరి_చేనేత
పుట్టుకతో వచ్చేది డివైసమ్ ఒక్కటే అనుకోకండి. మా పాపది వేరే. పుట్టిన రెండో రోజు నుంచి పాలు పడితే పచ్చగా వాంతి. ఎక్స్‌రేలో పొట్ట దగ్గర రెండు గాలి బుడగలు కనబడుతున్నాయన్నారు. ఆపరేషన్‌లో తేలింది, క్లోమం ఉంగరంలాగా పేగు చుట్టూ తిరిగి బిగించేసిందని. యాన్యులర్ ప్యాంక్రియాస్ అంట. నేను "ఆ ఉంగరం కోసేయండి సార్" అన్నాను. కోయకూడదమ్మా, అందులోనే రసం నాళం ఉంటుంది, కోస్తే కారుతుంది, అందుకే బిగిసిన చోటును తప్పించి పైపేగును కిందిపేగుకు కలుపుతాం అని బొమ్మ గీసి చూపించారు. ఆ కాగితం మడతలు చిరిగిపోయినా నా పర్సులోనే ఉంది. పాప ఇప్పుడు బడికి పోతోంది, ఉప్మా తప్ప అన్నీ తింటుంది.

సంగటిముద్ద
ఉప్మా తిననిది జబ్బు కాదక్కా, ఆరోగ్యం.

తోతాపురి
యాన్యులర్ అందరికీ పుట్టగానే తెలుస్తుందా?

గ్యాస్ట్రో_రెసిడెంట్
లేదు. బిగువు తక్కువైతే పెద్దయ్యాక కడుపు నిండినట్టుండటం, అల్సర్, కొందరిలో ప్యాంక్రియాటైటిస్‌తో బయటపడుతుంది. వేరేదానికి స్కాన్ తీస్తే అనుకోకుండా కనబడేవాళ్లూ ఉన్నారు. పిల్లల్లో అయితే గుండె లోపాలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నాయేమో కూడా చూస్తారు.

మదనపల్లె_టమాటా
మా చెల్లెలిది మూడో రకం. పదేళ్లప్పుడు నొప్పి, కళ్లు పచ్చబడటం. పచ్చకామెర్లని చేతిమీద వాత పెట్టించారు మావాళ్లు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తర్వాత వేలూరు సీఎంసీకి తీసుకెళ్తే కోలిడోకల్ సిస్ట్ అన్నారు. పిత్తనాళం, క్లోమనాళం పేగు గోడలో కలవాల్సింది, గోడకు బయట చాలా ముందే కలిసిపోయాయంట. దాంతో క్లోమరసం పైకి ఎగదన్ని పిత్తనాళంలోకి పోతుంది, అది ఉబ్బిపోతుంది. పిత్తం ఇటు వస్తే ప్యాంక్రియాటైటిస్. ఉబ్బిన నాళాన్నీ పిత్తాశయాన్నీ తీసేసి పేగుతో కలిపారు. నొప్పి లేకపోయినా తీయాల్సిందేనా అని నాన్న అడిగితే, వదిలేస్తే పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు ఉందన్నారు. అప్పుడు ఇంక మాట్లాడలేదు ఆయన.

గ్యాస్ట్రో_రెసిడెంట్
టమాటా గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆసియా దేశాల్లో, అందులోనూ ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. పుట్టుకతో వచ్చే తేడాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు అనేది ఇందుకే. దీంట్లో ఆపరేషన్ మీద పెద్ద వాదన లేదు, యాన్యులర్‌లో పేగు బిగిస్తే వాదన లేదు. వాదనంతా డివైసమ్ మీదే.

తోతాపురి
సరే, ఒప్పుకోను కానీ ఆలోచిస్తాను. అమ్మగారికి ఇప్పుడు ఏం చేయమంటారు? "వేచి చూడండి" అంటే ఆ పిల్లాడి నొప్పి ఎవరు మోయాలి?

పీలేరు_మాస్టారు
ఆ ప్రశ్న మాత్రం సబబు.

గ్యాస్ట్రో_రెసిడెంట్
వేచి చూడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయిస్తే సన్న రాళ్లు, గ్రంథి ఎంత గట్టిపడింది అనేవి ఎమ్మార్సీపీ కన్నా బాగా తెలుస్తాయి. సీక్రెటిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఎమ్మార్సీపీ తీస్తే నాళం ఇంకా స్పష్టంగా కనబడుతుంది కానీ ఆ మందు అన్నిచోట్లా దొరకదు. జన్యు పరీక్షకు రక్తం ఇవ్వండి. చక్కెర చూడండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో సహా. మలంలో ఎలాస్టేజ్ పరీక్ష చేయిస్తే జీర్ణరసం సరిపోతోందో లేదో తెలుస్తుంది. 200కి తగ్గితే అనుమానించాలి. మలం జిడ్డుగా తేలుతోందా, ఫ్లష్ చేసినా అంటుకుని పోవట్లేదా అని అబ్బాయినే అడగండి, సిగ్గుపడి చెప్పరు ఈ వయసువాళ్లు.

చివరికి కోతే అని తేలితే, చేసే డాక్టరు మైనర్ ప్యాపిల్లా పని తరచూ చేసేవారై ఉండాలి. ఇది ఎండోస్కోపీతో నాళాల్లోకి వెళ్లి చేసే మామూలు ఈఆర్‌సీపీ కన్నా కష్టం. ప్రొసీజర్ అప్పుడు మలద్వారంలో పెట్టే ఇండోమెథసిన్ 100 మిల్లీగ్రాములు ఇస్తారా అని అడగండి. తర్వాత వచ్చే ప్యాంక్రియాటైటిస్‌ను అది చాలావరకు తగ్గిస్తుంది. మాస్టారి లాంటి వాళ్లకు అడగడం తెలియాలనే రాస్తున్నా.

తాగడు సరే. సిగరెట్?

తిరుచానూరు_అమ్మ
వాణ్ణే కూర్చోబెట్టి ఈ ప్రశ్న చూపించాను. తల వంచుకున్నాడు. తాగుడు లేదు, సిగరెట్ ఉంది. కాలేజీ బయట టీ కొట్టు దగ్గర.

సంగటిముద్ద
ఆడపడుచుకు మాత్రం చెప్పొద్దు తల్లీ.

గ్యాస్ట్రో_రెసిడెంట్
తిట్టకండి. కానీ ఈరోజుతో ఆగాలి. పొగ ఒక్కటే చాలు ఈ జబ్బును ముందుకు తోయడానికి, మద్యం తోడక్కర్లేదు. డివైసమ్‌ను మనం మార్చలేం, జన్యువును మార్చలేం, ఇది మాత్రం వాడి చేతిలోనే ఉంది.

కొండమిట్ట_కుర్రోడు
తమ్ముడు ఇది చదువుతుంటే, నేను మానేశాను, నువ్వూ మానగలవు. మొదటి వారమే నరకం.

నగరి_చేనేత
తిండి సంగతి ఎవరైనా చెప్పండి. మా పక్కింటాయనకు క్రానిక్ అని నూనె చుక్క లేకుండా గంజి పోసి పోసి ఎండబెట్టేశారు.

పీలేరు_మాస్టారు
అది నేను చెప్తాను, పదేళ్ల పైబడి ఇదే బతుకు. అటాక్ ఉన్నప్పుడు వేరు. మామూలు రోజుల్లో ఎండబెట్టకూడదు, మనిషి చిక్కిపోతే ఇంకా ప్రమాదం. నేను కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటాను. సంగటి, పప్పు, గుడ్డు, మజ్జిగ అన్నీ. ఊరుబిండి మాత్రం వేలితో రాసుకున్నంతే. ఎంజైమ్ క్యాప్సూల్ మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి. ముందుగా ఖాళీ కడుపుతో మింగితే దండగ, అన్నంతో కలిసి పేగులోకి పోవాలి. పెళ్లిళ్లకు వెళ్తే జేబులో వేసుకుని వెళ్తాను, పక్కవాడు "ఏం సార్, భోజనానికి ముందే మాత్రా" అంటే "నాకు ఇదే మొదటి వడ్డన" అంటాను. డి విటమిన్ కూడా చూపించుకోండి, కొవ్వు అరక్కపోతే ఏ, డీ, ఈ, కే నాలుగూ తగ్గుతాయి.

కుప్పం_రైలు
ఖర్చు? కార్డు మీద అవుతుందా?

కొత్తపేట_ల్యాబ్
ఏ ప్రొసీజర్ కార్డు కింద వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ముందే అడగండి, అడ్మిట్ అయ్యాక కాదు. జన్యు పరీక్ష డబ్బు పెట్టుకోవాలనే అనుకుని వెళ్లండి.

తిరుచానూరు_అమ్మ
ఫైలు మీద మొదటి కాగితంలో మావారి చిన్నాన్న కొడుకు సంగతి రాసి పెట్టాను. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో ఓపీకి చీటీ తీసుకున్నాం, తర్వాత అవసరమైతే వేలూరు. కోతకు ఇప్పుడే ఒప్పుకోవడం లేదు. తోతాపురి గారూ, మీ ప్రొసీజర్ కాగితాల్లో మీ నాళం కొలత ఎంత ఉందో వీలైతే చెప్పండి, మావాడిది 4 మిల్లీమీటర్లు అని ఉంది.

తోతాపురి
బీరువాలో ఉన్నాయి, వెతికి రాత్రికి పెడతా. నాకు గుర్తున్నంతలో నాళంలో ఒక రాయి కూడా ఉండింది. రెసిడెంట్ గారు నవ్వుకోవద్దు.

గ్యాస్ట్రో_రెసిడెంట్
నవ్వడం లేదు. రాయి ఉంటే మీది వేరే కేసు, అదే కదా ఇందాకటి నుంచి చెప్తున్నది.

కుప్పం_రైలు
వేలూరు పోవాలంటే తిరుపతి నుంచి రైలా, బస్సా మేలు? మా అమ్మకు గూడా చూపించాల.

మదనపల్లె_టమాటా
చిత్తూరు మీదుగా కాట్పాడి రైళ్లున్నాయి, అక్కడ దిగి ఆటో. రోగికి నొప్పి ఉంటే మాత్రం బస్సు వద్దు, పడుకునే వీలుండదు. పాత స్కాన్ల సీడీలు మర్చిపోవద్దు, కాగితం రిపోర్టు చూసి సరిపెట్టుకోరు వాళ్లు, సీడీ అడుగుతారు.